నడిచి వెళ్ళిన పుణ్యం

ఈ వేసవిలో మా వీధి చివర ఎవరో చలివేంద్రం పెట్టారు. మూడు కుండలు, తాటాకు పందిరి. పందిరి కంటే ఎత్తుగా దాతగారి ఫ్లెక్సీ. ఆయన చేతులు జోడించి నవ్వుతున్నాడు. పైన ఆయన తండ్రిగారి బొమ్మ, పక్కన ఎవరో నాయకుడి బొమ్మ. మధ్యాహ్నం బజారు నుంచి వస్తూ దాహమేసి ఆగాను. రెండు కుండలు వట్టివి. మూడో దాంట్లో అడుగున కాసిని నీళ్ళు. ఫ్లెక్సీకి మాత్రం ఏ లోటూ లేదు.

గ్లాసు కడుక్కుంటుంటే చీపురుపల్లి పెద్దమ్మ మాట చెవిలో పడ్డట్టయింది. “పేరు రాయించేవా, సగం పున్నెం పోనాది. బొమ్మ కూడా ఏయించేవా, ఆ సగమూ పోనాది. ఇంక నీల్లు పోసి ఏటి నాబం?”

ఆవిడ పేరు నాకు బాగా గుర్తుంది. రాయను. రాస్తే ఆవిడకెంత నష్టమో ఆవిడే చెప్పింది కదా.

మేం చీపురుపల్లి వెళ్ళింది అరవయ్యేడులో. మా ఆయన అక్కడి స్టేషన్లో గూడ్సు గుమాస్తా. ఆయన బతికున్నన్నాళ్ళూ అరవయ్యారు అని వాదించారు. మా పెద్దవాడు పుట్టింది అరవయ్యారు చివర్లో, వాడి అన్నప్రాశన ఆ ఇంట్లోనే చేశాం. కాబట్టి అరవయ్యేడే. స్టేషను వెనక వీధిలో మా ఇల్లు. మా కుడిపక్క ఇల్లు వీధంతా పెద్దమ్మ అని పిలిచే ఆవిడది. ఆవిడకు కుడిపక్క పాలామెది.

పెద్దమ్మ కలిగినింటి కోడలే. పొలం ఉండేది, మెళ్ళో బంగారం ఉండేది. భర్త పోయాడు, పిల్లల్లేరు. మరిది కొడుకులు పొలం కాగితాలు పట్టుకొచ్చి, ఎలా అడగాలో తెలియక నసుగుతుంటే, “ఎక్కడెయ్యాల ఏలిముద్ర? బేగి సెప్పండ్రా, పొయ్యి మీద కూర మాడిపోతంది” అందట. ఏడాదికి సరిపడా బియ్యం, దాంతోపాటు ఒక మూట నూకలు ఇస్తే చాలంది. బియ్యం ఆవిడకి, నూకలు చీమలకి. మెళ్ళో గొలుసు ఎవరి పెళ్ళికో ఇచ్చేసింది. ఎవరిదో అడిగితే చెప్పేది కాదు. చెబితే అందులోనూ కొంత పోతుందని భయం.

ఇదంతా విని ఆవిడను విరాగి అనుకుంటారేమో. కానే కాదు. ఆవిడంత ఆశపోతు మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. కాకపోతే ఆ ఆశ భూమి మీదా బంగారం మీదా కాదు. చెద తినేదీ, దొంగ ఎత్తుకుపోయేదీ, మరిది కొడుకులు అడిగేదీ ఆస్తేమిటని ఆవిడ వాదన. పుణ్యమొక్కటే ఆస్తి. దాన్ని దగ్గరుండి కూడబెట్టేది. దాని లెక్కలో తేడా వస్తే ఊరుకునేది కాదు.

లెక్కలో సందేహం వస్తే నా దగ్గరికి వచ్చేది. నేను విజయనగరంలో స్కూలు ఫైనలు దాకా చదివాను. లెక్కల్లో ఎప్పుడూ తప్పలేదు. ఆ సంగతి ఆవిడకి ఎవరు చెప్పారో మరి.

కార్తీకమాసంలో ఒకరోజు తడి చీరతోనే మా గుమ్మంలోకి వచ్చింది. ఊరి బయట గెడ్డ ఉంది, అంటే వాగు. తెల్లవారకముందే అక్కడ స్నానం చేసి వస్తుంది.

“తల్లీ, నువ్వు సదూకున్నదానివి, ఓ మాట సెప్పు. ఈరోజు మబ్బు పట్టీసింది. నాను మునిగీసరికి సూరీడు పుట్టేడో నేదో తెలవనేదు. తానం సెల్లతాదా, సెల్లదా?”

“మీరు మునిగేసరికి పొద్దుటి ప్యాసింజరు వెళ్ళిపోయిందా పెద్దమ్మా?”

“ఎల్లిపోనాది.”

“అయితే పొద్దు పొడిచినట్టే. చెల్లదు.”

ఆవిడ ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయింది. సాయంత్రం మళ్ళీ వచ్చింది. “నువ్వు సెప్పిందే నాయం. రేపు రెండు మునకలేసీస్తాను.”

“రెండు మునకలేసినా ఒక రోజు పుణ్యమే వస్తుంది.”

“యముడి కాడ లెక్క రాసీవోడు కూడా నీ అంత పిసినిగొట్టు అయ్యుండడు” అని తిట్టి, మా వాడి చేతిలో బెల్లంముక్క పెట్టి వెళ్ళింది. పెట్టేముందు నేను చూస్తున్నానో లేదో చూసుకుంది.

ఇంకోసారి పట్టపగలు, నూతి దగ్గర పెట్టిన ఆవిడ ఇత్తడి బిందెను ఎవడో ఎత్తుకుని పరిగెత్తాడు. మేమంతా దొంగ దొంగ అని అరుస్తున్నాం. పెద్దమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపి వాడి వెనకే పరుగు. ఆవిడ అరుపు మాత్రం వేరు. “ఒరే, ఇచ్చీసినానురా! ఆగరా, నీకే ఇచ్చీసినాను! దానంరా, దానం!”

వాడు ఇంకా జోరుగా పరిగెత్తాడు. ఆవిడ రొప్పుతూ తిరిగొచ్చి నన్నే అడిగింది. “ఆడు మలుపు తిరిగీలోగానే అనీసినాను తల్లీ. సెల్లతాది గదా?”

“వాడు ఎత్తుకున్నాక ఇచ్చారు పెద్దమ్మా. పోయినదాన్ని దానం చెయ్యడం కుదరదు.”

“ఓలమ్మో! బిందే పోనాది, పున్నెమూ పోనాదేటి!” అని గట్టు మీద కూలబడింది. వస్తువు పోయి ఆవిడ బాధపడగా చూసింది ఆ ఒక్కసారే. ఆ బాధ కూడా బిందె కోసం కాదు.

వేసవిలో ఆవిడ ఆదాయమంతా స్టేషన్లో. మధ్యాహ్నం ప్యాసింజరు ఆగినంతసేపూ ప్లాట్‌ఫారం మీద కుండతో నిలబడి, కిటికీల్లోంచి చాచిన చెంబులూ చేతులూ నింపేది. దాన్ని నా రైలు అనేది. ఒక ఏడాది పాలామె మజ్జిగ కుండతో దిగింది. ఇద్దరూ ఇంజను ముందే తగువు పడ్డారు.

“నా రైలుకి నువ్వెందుకొచ్చేవే?”

“రైలు నీ బాబు ఏయించేడేటి అప్పా?”

అప్ప అంటే మా వైపు అక్క. పాలామె ఎంత తిట్టినా చివర అప్పా అనడం మరిచేది కాదు.

“పాలల్లో పోసీ నీల్లు సాలవని మజ్జిగలోనూ పోస్తన్నావా? దీన్ని మజ్జిగంటారేటే? మజ్జిగ కుండ కడిగిన నీల్లంటారు.”

“నీ కుండలో ఏటున్నాది? నీల్లే గదా! నాది తెల్లగైనా ఉన్నాది.”

చివరికి స్టేషను మాస్టరు బయటికొచ్చి రైలును పంచాడు. ఇంజను వైపు పెట్టెలు పెద్దమ్మవి, గార్డు వైపువి పాలామెవి. ఇద్దరూ ఒప్పుకున్నారు. కానీ గార్డు వైపు పెట్టెలు ఒకటి ఎక్కువున్నాయని పెద్దమ్మ నాతో చాలా రోజులు వాపోయింది. వెళ్ళి చూశాను. నిజమే, ఒకటి ఎక్కువే.

ఈ స్నానాలూ నీళ్ళూ నూకలూ ఎన్నున్నా ఆవిడకు అవన్నీ చిల్లర కింద లెక్క. అసలు ఆస్తి వేరే ఉంది. భర్త పోయిన మరుసటి ఏడు ఆవిడ పూరీ జగన్నాథానికి నడిచి వెళ్ళింది. గుంపుగా బయలుదేరారట. బరంపురం చేరేసరికి అందరి కాళ్ళూ బొబ్బలెక్కి, అంతా రైలెక్కేశారు. ఆవిడ ఒక్కతే ఎక్కలేదు. ఒడియా యాత్రికులెవరివో ఎడ్లబళ్ళ వెనక నడుస్తూ, వాళ్ళు పెట్టింది తింటూ వెళ్ళింది. ఎడమ పాదం కింద లోతుగా ఒక మచ్చ ఉండేది. అడిగినా అడగకపోయినా పాదం ఎత్తి చూపించేది.

“మరి వచ్చేటప్పుడూ నడిచే వచ్చారా?” అన్నాను.

“ఒచ్చీటప్పుడు రైలెక్కీసినాను. ఇంటికి రావడానికి పున్నెమేటి?”

ఆ నడక గురించి మాట్లాడేటప్పుడు ఆవిడ గొంతు తగ్గేది. మిగతావాళ్ళు పెట్టెలో ఉన్న నగ గురించి అలా మాట్లాడతారు. “మిగతాయన్నీ పై కర్సులకి తల్లీ. జగన్నాతం మటుకు నా సావుకి దాసుకున్నాను. అక్కడికెల్లి నిలబడితే సేతిలో ఏటో ఒగటి ఉండాల గదా” అనేది.

ఇక ఆ రోజు సంగతి. అరవయ్యెనిమిది ఆషాఢం. ముసురు. పాలామె కోడలికి తొలికాన్పు. తెల్లవారగట్ల మొదలైన నొప్పులు. మధ్యాహ్నం అవుతోంది, పురుడు కాలేదు. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. ఆసుపత్రిలో డాక్టరు సెలవు. నర్సు టీకాలు వెయ్యడానికి గెడ్డ అవతలి ఊరు వెళ్ళింది. పాలామె కొడుకు సైకిలేసుకుని ఆమె కోసం పోయాడు. గెడ్డ పొంగుతోంది. వాడు దాటాడో లేదో తెలియదు.

నేను వేడినీళ్ళు కాచి పట్టుకెళ్ళాను. పొద్దున్న ఆ పిల్ల అత్తనీ మొగుణ్ణీ తిడుతూ వీధంతా వినపడేలా అరిచింది. అప్పుడు మాకు ధైర్యంగానే ఉంది. మధ్యాహ్నానికి మూలుగు కూడా తగ్గిపోయింది. భయం అప్పుడు పట్టుకుంది.

పాలామె లోపల్నుంచి వచ్చింది. పెద్దమ్మ ఆ ఇంటి అరుగు మీదే కూర్చుని ఉంది. పాలామె కాసేపు ఆవిడ ఎదురుగా నిలబడింది. ఆ ఇద్దరూ తగువు లేకుండా ఎదురెదురుగా ఉండడం నాకు వింతగా అనిపించింది.

“అప్పా, నీ కాడ ఉన్నాది గదా” అంది.

“ఏటి?”

“పున్నెం. ఉన్నదాన్నే అడుగుతన్నాను. కొంచెం దారపొయ్యవా?”

చేసిన పుణ్యాన్ని నీళ్ళతో చేతిలో పోసి ఇంకొకరికి ఇచ్చేయడం పెద్దలకు తెలిసిన పద్ధతి. కథల్లో రాజులూ మునులూ చేస్తారు. మా వీధిలో ఎవరూ చేయగా నేను చూడలేదు. పొలాల కాగితం మీద విసురుగా వేలిముద్ర వేసిన మనిషి ఆ మాట వినగానే కొంగు దగ్గరకు లాక్కుంది. లేచి తన ఇంట్లోకి వెళ్ళిపోయింది.

“సూసేవా తల్లీ, తలుపేసుకుంటాది” అంది పాలామె.

పెద్దమ్మ చెంబుతో నీళ్ళు, ఒక తులసాకు పట్టుకుని తిరిగొచ్చింది. “నీ కోడలు గుంట సెయ్యి సాపనేదు గదా, దాని పేర నువ్వు పట్టు. తల్లీ, నువ్వు సూడు, లెక్క తప్పకూడదు. రైలుకి నీల్లు పోసిన పున్నెం ఇస్తన్నాను.”

“అందులో గార్డు పక్క నాదే గదా అప్పా.”

“నా పక్కదే ఇస్తన్నానే! ఇప్పుడు కూడా తగువేనా? సెయ్యి పట్టు!”

పోసింది. పాలామె లోపలికి పరిగెత్తి, ఆ తడిచేత్తో కోడలి నుదురు తుడిచి, తిరిగొచ్చింది. తల అడ్డంగా ఊపింది.

“సీమలకి నూకలేసిన పున్నెం.” మళ్ళీ పోసింది. పాలామె వెళ్ళింది, వచ్చింది. ఏమీ లేదు.

“కార్తీక తానాలు. అన్నీ. ఆ మబ్బు పట్టిన రోజు ఒగటి తీసీసి. అది సెల్లదని ఈ తల్లే సెప్పీసింది.”

ఆ మాటకు నేను తల ఎత్తలేకపోయాను. నీళ్ళు పోసింది. ఈసారి పాలామె లోపలికి వెళ్ళనే లేదు. మంత్రసాని గుమ్మంలోకి వచ్చి, “గుంట పలకటం నేదు” అంది.

ముసురు చూరు నుంచి కారుతోంది. పెద్దమ్మ అరుగు మీద కూలబడింది. చెంబు ఒళ్ళో పెట్టుకుంది.

“జగన్నాతం ఉన్నాది” అంది పాలామె మెల్లిగా.

“ఉన్నాది. నాకు తెలవదేటి?”

ఎడమ పాదం పైకి తిప్పి ఆ మచ్చ చూసుకుంది. ఎవరికీ చూపించడానికి కాదు, తనే చూసుకుంది. ఆవిడ చనిపోయేనాటికి చేతిలో ఉండాలనుకున్నది అదొక్కటే. అది ఇచ్చాక వెళ్ళే చోటికి ఏమీ లేకుండా వెళ్ళాలి. ఇవ్వమనడానికి గానీ వద్దనడానికి గానీ నాకేం హక్కుంది?

పెద్దమ్మ ఒక్కసారిగా లేచింది. “పట్టవే సెయ్యి. జగన్నాతం. నడిసెల్లింది మటుకే. ఒచ్చింది రైల్లో. ఇచ్చీకాడ అబద్దమాడకూడదు.” చెంబు బోర్లించింది. నీళ్ళు పాలామె దోసిట్లోంచి పొంగి అరుగంతా పారాయి. “నాకు గేపకం ఉన్నదీ, గేపకం నేనిదీ, అంతా. ఇంక నాది కాదు. ఏదీ నాది కాదు.”

పాలామె ఆ దోసిలితోనే లోపలికి పోయింది. కాసేపటికి వీధి మొగలో సైకిలు బెల్లు వినిపించింది. వెనక క్యారియరు మీద నర్సు, నడుం దాకా తడిసి, సంచీ నెత్తిన పెట్టుకుని. దీపాలు పెట్టకముందే పురుడయింది. ఆడపిల్ల. తల్లి బతికింది.

నర్సు వచ్చాకే పురుడయిందని మా ఆయన అన్నారు. నిజమే. పుణ్యం పోశాకే నర్సు వచ్చిందని పాలామె అంటుంది. అదీ నిజమే. ఏది ముందు, ఏది వెనక అన్నది నేను కచ్చితంగా చెప్పగలను. దానికి అర్థం ఏమిటన్నది మీరే తేల్చుకోండి.

మర్నాటి నుంచి అవస్థ పాలామెది. పొద్దున్నే పాల తపేలా దగ్గరికి పెద్దమ్మ హాజరు. వేలు ముంచి, పైకెత్తి, చుక్క ఎలా జారుతోందో చూసేది.

“నీల్లు పోసేవు.”

“నా పాలు, నా ఇష్టం.”

“పాలు నీవే. పున్నెమూ నీదే. పాడయిపోతాదని సెప్తన్నాను. మద్దిన నాకేటి, నాది కాదు గదా.”

పాలామె నా దగ్గర మొత్తుకునేది. “బంగారం ఇచ్చుంటే తాకట్టన్నా పెట్టుకుందును తల్లీ. దీన్ని ఏటి సేసుకుంటాను? అబద్దమాడితే ఒగ ముక్క పోతాదట. నీల్లు పోస్తే ఒగ ముక్క పోతాదట. మా కోడల్ని తిట్టినా పోతాదట. ఇంక నానెలగ బతకాల?” ఏమైతేనేం, ఆ వీధిలో పాలు మీగడ కట్టడం నేను చూసింది అప్పుడే. మా వాడు ఒళ్ళు చేశాడు.

పెద్దమ్మ చేసే పనులు మానలేదు. నూకలూ, గెడ్డలో స్నానమూ, రైలుకు నీళ్ళూ అన్నీ అలాగే జరిగాయి. కానీ అది చెల్లుతుందా ఇది చెల్లుతుందా అని నన్ను అడగడం మానేసింది. నాకు కొంచెం వెలితిగా ఉండేది. ఒకరోజు నేనే అడిగాను, “మళ్ళీ కూడబెట్టడం లేదా పెద్దమ్మా?”

“ఎందుకు? మల్లీ ఎవులో ఒచ్చి అడిగీస్తారు” అంది. నవ్వింది కూడా.

మరుసటి ఏడు మా ఆయనకు కొత్తవలస బదిలీ అయింది. అరవైతొమ్మిది చివర్లో పెద్దమ్మకు బాగాలేదని పాలామె కొడుకు వచ్చి చెబితే, ప్యాసింజరెక్కి వెళ్ళాను. ఆవిడ తన వరండాలో నులకమంచం మీద ఉంది. మరిది కొడుకులు ఒకపక్క నిలబడ్డారు. ఇంట్లో చూసుకోవడానికి ఏమీ లేదు కాబట్టి ఆవిడనే చూస్తున్నారు. నన్ను గుర్తుపట్టింది. “లెక్కల తల్లి ఒచ్చీసినాదేటి? ఇంక సావొచ్చు” అంది.

అప్పుడు పాలామె వచ్చింది. చంకలో మనవరాలు, చేతిలో చెంబు. పిల్లను నాకిచ్చి మంచం పక్కన చతికిలబడింది.

“అప్పా, ఇలగ సూడు. వట్టి సేతుల్తో ఎల్తావేటి? నీ పున్నెం నీకు ఇచ్చీస్తన్నాను. మిగతాయి నా కాడ సెడిపోనాయి. అబద్దమాడకుండా నా వొల్ల కాదు. కానీ జగన్నాతం ముట్టుకోనేదు. ఎలగిచ్చేవో అలగే ఉన్నాది. నడిసింది నువ్వు. నా కాల్లు నడవనేదు. అది నాకెలగ సెందుతాది? పట్టు అప్పా, నీకు దండం పెడతాను, సెయ్యి పట్టు.”

ఏడుస్తూ ఆవిడ చెయ్యి తీసుకుని, అరచెయ్యి పైకి తిప్పి, చెంబు వంచింది.

పెద్దమ్మ పిడికిలి బిగించింది. అంత బలం ఎక్కడ మిగిలిందో, పాలామె రెండు చేతులతో విప్పబోయినా వేళ్ళు ఊడిరాలేదు. నీళ్ళు ముడుచుకున్న వేళ్ళ మీది నుంచి జారి నేల మీద పడ్డాయి. ఆవిడ మా అందరి వంకా ఒకసారి చూసి, ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని కసిరింది.

“తియ్యే సెంబు! ఒకుల సొమ్ము నాకెందుకే?”